వాళ్ళు ఇంట్లో చెప్పరు

నా పిహెచ్‌డీ దేని మీద అని ఎవరైనా అడిగితే మొదట్లో పూర్తి పేరు చెప్పేదాన్ని. ఆన్‌లైన్‌లో లైంగిక నేరాలు చేసినవాళ్ళ మనస్తత్వం, వాళ్ళను అటువైపు తోసిన కారణాలు. అడిగినవాళ్ళు ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, తర్వాత గోడ మీద క్యాలెండర్ వైపు చూసేవాళ్ళు. కొన్నాళ్ళకు విసుగొచ్చి "నేరస్థుల సైకాలజీ" అనటం మొదలుపెట్టాను. ఇంకొన్నాళ్ళకు "ఏదోలెండి, సెల్‌ఫోన్ల మీద" అని తప్పించుకోవటం అలవాటైంది.

నేను నరసరావుపేటలో ఒక డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెబుతాను. నలభై దాటాక పరిశోధనలో చేరాను. పరీక్షల ఒత్తిడి మీద చేస్తానని వెళితే మా గైడు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఐదారేళ్ళలో రిటైరు కాబోతున్న పెద్దాయన.

"పరీక్షల ఒత్తిడి మీద వచ్చిన థీసిస్‌లు పేరిస్తే అటక నిండుతుందమ్మా. ఫోన్లలో పిల్లల్ని వేధించేవాళ్ళున్నారే, వాళ్ళెందుకు చేస్తున్నారో వాళ్ళ నోటితో విన్నవాళ్ళు మన దగ్గర తక్కువ. అది చెయ్యి."

సరేనన్నాను. అది ధైర్యమని అప్పుడు అనుకున్నాను. తెలియనితనమని తర్వాత తెలిసింది.

అనుమతులకే ఏడాది దగ్గరగా పట్టింది. యూనివర్సిటీ కమిటీ ఒక కాగితం అడిగేది, జైలు ఆఫీసు ఇంకో కాగితం అడిగేది, ఒకరిది ఉంటే తప్ప రెండోవారు ఇచ్చేవాళ్ళు కాదు. కోర్టులో తేలని కేసుల జోలికి పోకూడదన్నది నియమం. కాబట్టి నాకు దొరికినవాళ్ళు శిక్షలో ఉన్నవాళ్ళు, లేదా శిక్ష ముగించుకుని ఇంటికొచ్చినవాళ్ళు. మాట్లాడే ముందు ప్రతి ఒక్కరికీ సమ్మతి పత్రం చదివి వినిపించేదాన్ని. మీ పేరు ఎక్కడా రాయను, కానీ ఇప్పటిదాకా బయటపడని నేరం ఏదైనా నాతో చెబితే మాత్రం దాచను, పోలీసులకు చెబుతాను. ఆ వాక్యం దగ్గర కొందరు తలెత్తి చూసేవాళ్ళు. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు కూడా.

మొదటి ఇంటర్వ్యూకి బయల్దేరే ముందు గైడు చెప్పింది మూడే మాటలు. "వాదించొద్దు, తిట్టొద్దు, ఓదార్చొద్దు." మూడింట్లో ఏది కష్టమో అప్పటికి నాకు తెలియదు.

వాళ్ళ మర్యాదే నన్ను మొదట అలసగొట్టింది. నా కుర్చీ మీద ఎండ పడుతోందని ఒకతను లేచి కిటికీ రెక్క మూశాడు. రికార్డర్ బటన్ సరిగా పడలేదని ఒకతను చూపించాడు. నా చేతికి కట్టు చూసి ఏమైందని అడిగినవాడు కూడా ఉన్నాడు. గేటు దాటి బయటికొచ్చాక ఆ మర్యాద, కేసు కాగితాల్లో చదివింది, రెండూ ఒకే మనిషికి అతికించుకోలేక తల వాచిపోయేది.

ఎందుకు చేశారంటే, ఒకడు పెళ్ళి కాలేదన్నాడు. ఒకడు పెళ్ళయిందన్నాడు. ఒకతనికి చిన్నప్పుడు తనకే అన్యాయం జరిగింది. అది చెబుతూ ఏడ్చాడు. అబద్ధమని నేననుకోను. కానీ అదే అన్యాయం జరిగి, జీవితంలో ఎవరి జోలికీ పోనివాళ్ళు కూడా నాకు తెలుసు. అందరూ ఏదో ఒక చోట అనే మాట మాత్రం ఒకటుండేది: "ఫోన్లోనే గదా మేడం, నిజంగా కాదు గదా." అవతలున్న పిల్ల నిజం పిల్లే కదా అనాలని నాలుక చివరిదాకా వచ్చేది. వాదించొద్దు కనుక తల ఊపి రాసుకునేదాన్ని.

నా నోట్సు చదివి గైడు ఒకసారి అన్నారు. "కారణం వేరు, సాకు వేరమ్మా. సాకు వాళ్ళే తెచ్చి చేతిలో పెడతారు. కారణం నువ్వు తవ్వుకోవాలి."

రికార్డు చేసిన మాటల్ని నేనే టైపు చేసుకోవాలి, బయట డీటీపీ షాపుకి ఇవ్వటానికి వీల్లేదు. ఆదివారాలు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చునేదాన్ని. ఒక వాక్యం విని, ఆపి, టైపు చేసి, మళ్ళీ వెనక్కి తిప్పి, ఆ గొంతుల్ని ఒక్కొక్కదాన్ని మూడేసి నాలుగేసి సార్లు వినేదాన్ని. పని అయ్యాక ఇంట్లో ఎవరు పిలిచినా ఒక పట్టాన పలకబుద్ధయ్యేది కాదు. మా ఆయన ఆర్టీసీ డిపోలో పనిచేస్తాడు. ఒకరోజు టీ గ్లాసు తెచ్చి కంప్యూటర్ పక్కన పెట్టి అన్నాడు.

"మానెయ్యరాదూ? దీనికోసం నీ ఉద్యోగమేమన్నా ఆగిందా?"

"సగం దాకా వచ్చాను గదా."

"సగం నుంచి కూడా ఎనక్కి రావచ్చు. మా బస్సులు రావట్లా?"

నవ్వాను. కానీ మానలేదు.

ఆ రోజుల్లోనే గురజాల బస్సులో ఒకటి జరిగింది. పిడుగురాళ్ళ దగ్గర సున్నపు దుమ్ము లోపలికి వస్తుంటే కిటికీ మూసి ఇటు తిరిగాను. పక్క సీట్లో యాభై ఏళ్ళ మనిషి, పంచె కట్టుకుని, ఫోన్ ముఖానికి దగ్గరగా పెట్టుకుని తనలో తాను నవ్వుకుంటున్నాడు. నాకు అనుమానమొచ్చింది. ఏం చూస్తున్నాడో చూడాలని మెడ సాచాను. నడక నేర్చుకుంటున్న పసివాడు రెండడుగులు వేసి కూలబడుతున్నాడు. ఆయన నా చూపు గమనించి ఫోన్ నా వైపు తిప్పాడు. "మనవడమ్మా. పదకొండో నెల." బాగున్నాడండీ అన్నాను. బస్సు దిగేదాకా ఆయన ముఖం చూడలేకపోయాను. ఈ పని నన్నెక్కడికి తీసుకొచ్చిందో ఆ రోజు అర్థమైంది.

నేను గురజాల వెళ్ళేది ఒక లాయరుగారి ఆఫీసుకి. ఆయన వాదించిన కేసులో మనిషి శిక్ష ముగించుకుని వచ్చాడు, నాతో మాట్లాడటానికి ఒప్పుకున్నాడు. "కోర్టు టైములో నా ఆఫీసు ఖాళీయే మేడం. మీరు ముందు గదిలో కూర్చోండి, మా గుమాస్తా వెనక గదిలో ఉంటాడు," అన్నారు లాయరుగారు.

ఇకముందు రాసేది ఎక్కువ ఈ మనిషి గురించే. ఊళ్ళు, పనులు కొన్ని మార్చాను.

అతనికి నలభై రెండు, నలభై మూడు ఉంటాయి. కేసు నాటికి మిర్చి కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాసే ఉద్యోగం, భార్య, ఒక కూతురు. ఇప్పుడు నాపరాళ్ళు పాలిష్ పట్టే చోట పనికి పోతున్నాడు. స్నానం చేసి తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు కానీ చెవుల వెనక రాతిపొడి తెల్లగా కనబడుతూనే ఉంది. నేను పత్రం బయటికి తియ్యకముందే, కూర్చుంటూనే అన్నాడు.

"నేనెవర్నీ ముట్టుకోలా మేడం. అది ముందు రాసుకోండి."

రాసుకున్నాను.

అతను చేసింది ఇది. ఇంటర్ చదివే ఆడపిల్లనని చెప్పుకుని తొమ్మిదో తరగతి చదివే ఒక పిల్లతో ఫోన్లో స్నేహం చేశాడు. నెలల తరబడి అక్కలా మాట్లాడాడు. నమ్మించి ఫోటోలు తెప్పించుకున్నాడు. ఆ తర్వాత వాటిని అందరికీ చూపిస్తానని బెదిరించి ఇంకా ఇంకా అడిగాడు. పోక్సో కేసు పడింది, నేరం రుజువైంది.

ఎందుకు చేశారని అడిగితే మొదటి రోజు అతని జవాబు ఒక్కటే. "ఊరికే మేడం." ఎటునుంచి అడిగినా అక్కడికే వచ్చి ఆగాడు. గంట కూర్చుని తిరిగొచ్చాను.

రెండోసారి వెళ్ళినప్పుడు అతనే మొదలుపెట్టాడు. "ఊరికే అన్నది అబద్ధం మేడం. ఇంటికి పోయి ఆలోచించా. మిరపకాయల సీజను అయిపోయినాక స్టోరేజీలో పనుండదు. ఫోను పట్టుకుని కూచునేవాణ్ణి. ఓనరు పిలిస్తే తిట్టటానికే. ఇంటికి పోతే ఎవరి పని వాళ్ళది. ఆ పిల్ల రోజూ అడిగేది, తిన్నావా అక్కా అని. నన్ను తిన్నావా అని అడిగినోళ్ళు లేరు మేడం."

'ఒంటరితనం' అని పక్కన రాసి కింద గీత గీశాను. పుస్తకాల్లో చదివిన మాట దొరికినందుకు లోపల చిన్న సంతోషం కూడా కలిగింది. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. తర్వాత అడిగాను.

"తిన్నావా అని అడిగిన పిల్లను ఎందుకు బెదిరించారు?"

బల్ల మీద కాగితాలు ఫ్యాను గాలికి లేస్తుంటే అరచేత్తో అదిమి పట్టుకున్నాడు.

"భయపడేది మేడం," అన్నాడు చివరికి. "వద్దు అక్కా, పంపను అక్కా అని బతిమాలేది. నా మాటకి భయపడే మనిషి ఒకరున్నారని... మరి అట్టా అనిపించేది. తప్పని తెలుసు. తెలిసే చేశా."

నేను చేసిన ఇంటర్వ్యూలన్నింటిలో సాకు లేని వాక్యం అదొక్కటే. 'ఒంటరితనం' కింద గీసిన గీత అలాగే ఉంది, దాన్నేం చెయ్యాలో తోచలేదు. అది కూడా నిజమే. కానీ ఒంటరిగా ఉన్న మనిషి తోడు వెతుక్కుంటాడు. ఇతను తోడు దొరికాక దాన్ని భయపెట్టి ఆనందించాడు.

"ఆ పిల్ల ఇంట్లో చెబుతుందని మీకు భయం వెయ్యలేదా?" అన్నాను.

"చెప్పరు మేడం." అతను ఆలోచించకుండా అన్నాడు. "ఈ పిల్లలు ఇంట్లో చెప్పరు. చెబితే ముందు తన్నేది వాళ్ళనే గదా. అంతెందుకు, నా కూతురికే రేపు ఇట్టాంటిది జరిగితే, నాతో చెప్పిద్దా? చెప్పదు."

అన్నాక ఆగిపోయాడు. తను ఏమన్నాడో తన చెవికి అప్పుడే పడినట్టుంది. అతని కూతురికి అప్పుడు పద్నాలుగేళ్ళు, తొమ్మిదో తరగతి. అతను లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు.

"ఇయ్యాల్టికి చాలు మేడం," అన్నాడు.

బస్సులో పాత నోట్సు తీసి చూశాను. ఎవరి కారణం వాళ్ళది. విసుగు, కోపం, అలవాటు, ఆశ, పగ. కానీ "ఇంట్లో చెప్పరు" అన్న మాట ఏదో ఒక రూపంలో దాదాపు అందరి దగ్గరా ఉంది. నేను ఎప్పుడూ దాని కింద గీత గియ్యలేదు. అది వాళ్ళ మనసుకు సంబంధించిన సంగతిగా నాకు తోచలేదు. అది మన ఇళ్ళకు సంబంధించింది.

ఆ ఆదివారం పొద్దున మా అమ్మాయి జడ వేసుకుంటుంటే అడిగాను. తను ఎనిమిదో తరగతి. "నీకు ఫోన్లో ఎవరన్నా ఏదన్నా చెడ్డగా పంపితే నాతో చెబుతావా?"

అది అద్దంలో నుంచే నన్ను చూసింది. "నువ్వు అరవకుండా ఉంటే చెబుతా."

"నేనెప్పుడు అరిచానే? సైకాలజీ మేడాన్ని."

"కాలేజీలో మేడంవి. ఇంట్లో అరుస్తావు."

వంటింట్లోంచి మా ఆయన నవ్వు వినబడింది. నాకు నవ్వు రాలేదు.

మూడోసారి గురజాల వెళితే అతను రాలేదు, భార్య వచ్చింది. బక్కపలచటి మనిషి, చేతిలో గుడ్డ సంచీ. ఆయనకు పని తెమల్లేదన్నది, కానీ అది చెప్పటానికే అయితే రానక్కర్లేదు. లాయరుగారి గుమాస్తా వెనక గదిలోకి వెళ్ళేదాకా ఆగి అడిగింది.

"అదేమన్నా రోగమా మేడం?"

"ఏదమ్మా?"

"ఆయన చేసింది. రోగమైతే మందుండిద్ది గదా. మీరు రాసే పుస్తకంలో రోగమని రాయండి. మీకు పుణ్యముంటది. పిల్ల నన్నడుగుతాంది, నాన్న ఎందుకట్టా చేశాడమ్మా అని. ఆయనతో మాట్టాడదు. ఒకే ఇంట్లో తిరుగుతారు, గ్లాసుడు మంచినీళ్ళు అడగరు ఒకరినొకరు. రోగమంటే నేనొక మాట చెప్పుకోవచ్చు."

కొందరిలో అది వైద్యం అవసరమైన జబ్బేనని, తన భర్త విషయంలో అలా చెప్పటానికి నాకు ఆధారం లేదని, అది తేల్చాల్సింది డాక్టరని చెప్పాను. గుంటూరులో చూపించొచ్చన్నాను. ఆమె విన్నది. "అంటే రోగం కాదన్నమాట," అన్నది. సంచీ చంకన పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఓదార్చొద్దు అన్న మాట అన్నిటికంటే కష్టమని అక్కడ తెలిసింది.

ఈ సంగతి గురజాలలో ఎవరి నోట పడిందో గానీ, రెండు వారాల తర్వాత నరసరావుపేటలో మా కాలేజీకే ఇంకొకామె వెతుక్కుంటూ వచ్చింది. అతను వేధించిన పిల్ల తల్లి. ఇంట్లో జాకెట్లు కుడుతుంది, భర్త ఆటో తోలతాడు. నేను క్లాసు ముగించి వస్తుంటే వరండాలో నిలబడి ఉంది.

"నువ్వేనంటగా అమ్మా, వాడితో కూచుని మాట్టాడి రాసుకునేది?"

ఎవరితో మాట్లాడానో చెప్పే హక్కు నాకు లేదన్నాను.

"చెప్పొద్దులే. నాకు తెలుసు." ఆమె గొంతు పెంచలేదు. "వాడెందుకు చేశాడో రాసుకోటానికి ఇంత చదువుకున్నామె అంత దూరం వచ్చింది. వాడికెంత ఇలవ! మా పిల్ల ఏమైందో ఎవురన్నా వచ్చి రాసుకున్నారా? పోలీసోళ్ళు రాసుకున్నారు, కోర్టులో రాసుకున్నారు. ఆ తర్వాత ఎట్టా ఉన్నావే అని అడిగినోళ్ళు లేరు."

నా పరిశోధన పరిధి వేరమ్మా అని చెప్పబోయాను. ఆ వాక్యం నోట్లోనే చచ్చిపోయింది. "మీ అమ్మాయి మాట్లాడతానంటే వస్తాను," అన్నాను. "పుస్తకం కోసం కాదు."

గైడుకు చెబితే ఆయన ఒప్పుకోలేదు. "బాధితులు నీ అంశంలో లేరమ్మా. అనుమతి లేదు."

"రాయను సార్. ఊరికే వెళ్ళొస్తాను."

"ఊరికే వెళ్ళటం ఉండదు," అన్నారు, కానీ ఆపలేదు. ఆ పిల్లకు అప్పటికి పంతొమ్మిదేళ్ళు. ఎన్నో ఏళ్ళ తర్వాత తనే ఒప్పుకుంటే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

వాళ్ళది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో రెండు కుట్టుమిషన్లు. ఒకదాని ముందు ఆ అమ్మాయి కూర్చుని హుక్స్ కుడుతోంది. తల్లి కుర్చీ వేసింది. రికార్డర్, పుస్తకం తీసుకెళ్ళలేదు కనుక నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకే తెలియలేదు. ఎట్లా ఉన్నావమ్మా అన్నాను.

"బాగానే ఉన్నా మేడం," అని ఇంకో హుక్ కుట్టింది. కాసేపటికి, తల ఎత్తకుండానే, "ఆ అక్క నిజంగా లేదని తెలిసినప్పుడు చానా ఏడ్చా," అన్నది.

"ఏ అక్కే?" అన్నది తల్లి.

"అదే. వాడు అక్కనని చెప్పుకున్నాడు గదా. ఫోటోల సంగతి బయటపడ్డప్పుడు భయమేసింది, సిగ్గేసింది. కానీ ఏడ్చింది ఆమె కోసం. లెక్కలు రాకపోతే ఆమెకే చెప్పేదాన్ని. నాకు అక్క లేదు గదా. ఇప్పటికీ ఒక్కోసారి ఆ అక్క గుర్తొచ్చిద్ది మేడం. లేని మనిషి గుర్తు రావటమేందో."

నేను విన్న గొంతులన్నీ కలిపినా ఆ పిల్ల అన్న ఆ నాలుగు వాక్యాల బరువు లేదు. "అమ్మతో ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను. అడిగాక అది తప్పు ప్రశ్నేమో అనిపించింది.

"బడి మానిపిస్తారని."

మిషన్ దగ్గర తల్లి చేతిలో కత్తెర ఆగింది. మానిపించారు కూడా. కేసు పెట్టిన వారంలోనే మానిపించారు, రెండేళ్ళు గడప దాటనివ్వలేదు.

"మరి ఎట్లా బయటపడింది?"

ఆ అమ్మాయి మొదటిసారి కొంచెం నవ్వింది. "మా నాయనమ్మకి చెప్పా. ఆమెకి ఫోన్ చూడటం రాదు, చదవటం రాదు. ఏమీ అర్థం కాదులే అని చెప్పా. ఎవరికో ఒకరికి చెప్పాలి గదా మేడం, కడుపులో పట్టలా."

నాయనమ్మకు అంతా అర్థమైంది. మనవరాల్ని ఒక్క మాట అనలేదు. కొడుక్కి గానీ కోడలికి గానీ చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే ఆ ఫోన్ కొంగున ముడేసుకుని, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి పోలీస్ స్టేషన్‌కి పోయింది. రాయటం రాని మనిషి కాబట్టి అక్కడున్న ఆడ కానిస్టేబుల్ ఆమె చెప్పింది చెప్పినట్టు రాసిందట. స్టేషన్ నుంచి జీపు ఇంటి ముందుకొచ్చి ఆగేదాకా వీళ్ళెవరికీ సంగతే తెలియదు.

"మా అత్త," అన్నది తల్లి. కిందటేడు పోయిందట. "మాకెందుకు చెప్పలా అంటే, మీకు చెబితే ముందు పిల్లని కొడతారు, తర్వాత పరువంటారు, ఆఖర్న స్టేషన్ అంటారు, నేను ఆఖర్నుంచి మొదలుపెట్టా అన్నది." ఆమె కత్తెర కింద పెట్టి కూతురి వైపు తిరిగింది. "నాకు చెప్పినా మానిపించేదాన్ననుకున్నావా?"

"మానిపించావు గదమ్మా."

తల్లి లేచి లోపలికి పోయి మజ్జిగ గ్లాసులు తెచ్చింది. ముగ్గురం తాగాం. నేను బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చి, "ఇప్పుడు చదువుకుంటానంటే పంపించేదే," అన్నది, నాతో అన్నట్టు.

థీసిస్ పూర్తయింది. వైవాకి వేరే రాష్ట్రం నుంచి వచ్చిన ప్రొఫెసరు గారు మర్యాదగా చాలా ప్రశ్నలు అడిగి, చివర్లో అన్నారు. "ఇంతమందితో మాట్లాడారు. ఒక్క మాటలో చెప్పండి, వీళ్ళెందుకు చేస్తారు?"

"ఒక్క మాటలో లేదు సార్," అన్నాను. "ఎవరి కారణం వాళ్ళకుంది. ఆ కారణం ఉన్నవాళ్ళంతా ఈ పని చెయ్యరు కూడా. చేసినవాళ్ళు మాత్రం అవతలి పిల్ల ఇంట్లో నోరు తెరవదని నమ్మి చేశారు."

"అది వాళ్ళ మనస్తత్వం కిందికి వస్తుందా?"

"ఏ అధ్యాయంలో పెట్టాలో నాకూ తెలియలేదు సార్. చివర్లో పెట్టాను."

మా గైడు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఆయన రిటైర్‌మెంటుకు అప్పటికి రెండు నెలలుంది. డాక్టరేటు ఇచ్చారు. స్టాఫ్‌రూములో శాలువా కప్పి, ఏ అంశం మీదో చదవకుండానే చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి, ఆ రికార్డింగులు నియమం ప్రకారం చెరిపేసి, పడుకుని సాయంత్రం దాకా నిద్రపోయాను. గెలిచినట్టేమీ అనిపించలేదు. బరువు దించుకున్నాక భుజం ఎలా ఉంటుందో అలా ఉంది.

ఆ గురజాల మనిషి మళ్ళీ నన్ను కలవలేదు. భర్తను గుంటూరులో డాక్టరుకు చూపిస్తున్నానని భార్య ఒకసారి ఫోన్ చేసి చెప్పింది. పిల్ల నాన్నతో మాట్లాడుతోందా అని అడిగితే, "అన్నం పెట్టనా అని అడిగిద్ది. అంతే," అన్నది. జాకెట్లు కుట్టే ఆమె కూతురు ప్రైవేటుగా పది, ఇంటర్ గట్టెక్కి నర్సింగ్‌లో చేరింది. ఇవి రెండూ నా థీసిస్ వల్ల జరిగాయని అనుకోవటం లేదు.

నేను చేస్తున్నది ఒక్కటే. సెలవు రోజుల్లో పిలిచిన బడికల్లా పోయి తల్లిదండ్రులతో మాట్లాడుతున్నాను. పిల్లలకు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, అందుకని పెద్దవాళ్ళతో. చెప్పిందే చెబుతాను. గొంతు పోతుంది, వచ్చేది పదిహేను మంది, అందులో సగం మంది వెళ్ళే తొందరలో ఉంటారు. "ఆడపిల్లలకి ఫోనెందుకండీ, తీసేస్తే పోయే" అని ప్రతి ఊళ్ళోనూ ఒకరు లేస్తారు. ఈమధ్య మాచర్లలో ఒక పెద్దాయన అదే అన్నాడు. కూర్చున్నవాళ్ళు అవునవునని తలలూపారు. ఫోన్ తీస్తారనే భయంతోనే పిల్లలు దాస్తారని చెప్పాను. వాళ్ళకు నచ్చలేదు. మీటింగు ముగిసింది.

గేటు దగ్గర ఒకతను ఆగి ఉన్నాడు. మెకానిక్ అనుకుంటాను, గోళ్ళ చుట్టూ నల్లటి గ్రీజు. అందరూ పోయేదాకా ఆగి దగ్గరికొచ్చాడు.

"మేడం, మా పాప వారం నుంచి సరిగ్గా అన్నం తినట్లా. ఫోన్ మోగితే ఉలిక్కిపడతాంది. ఏందంటే ఏం లేదంటది. నాకు అడగటం రాదు. ఏమని అడగాలి?"

నాలుగేళ్ళు "ఎందుకు చేశావు" అని అడిగీ అడిగీ అలిసిపోయిన దాన్ని. ఈ మనిషి నన్ను అడుగుతున్నది వేరే ప్రశ్న, దీనికి నా దగ్గర జవాబుంది.

"అడగొద్దు. మీరే చెప్పండి," అన్నాను. "ఏం జరిగినా నిన్ను కొట్టను, బడి మానిపించను, తప్పు నీది కాదు. అంతే చెప్పి ఊరుకోండి. ఈరోజు చెప్పకపోతే రేపు చెబుతుంది. చెప్పినప్పుడు ఫోన్‌లో ఏదీ చెరపనివ్వొద్దు, అలాగే తీసుకుని స్టేషన్‌కి పోండి. కావాలంటే నాకు ఫోన్ చెయ్యండి, నేనూ వస్తాను."

"కొట్టను, బడి మానిపించను..." అతను గేటు ఊచ పట్టుకుని లోగొంతుకతో అనుకున్నాడు. "ఇంకోటి ఏందన్నారు మేడం?"

"తప్పు నీది కాదు."

"తప్పు నీది కాదు," అన్నాడు. ఇంకోసారి మూడూ వరసగా అనుకుని, తల ఊపి, బండి స్టార్ట్ చేసుకుని వెళ్ళాడు. నేను నరసరావుపేట బస్సు కోసం స్టాండు వైపు నడిచాను.